తోక లేని అక్షరం

1982 మార్చి 4, గురువారం. లుబ్లిన్

సంచిక వచ్చింది. డిసెంబర్లో సైనిక పాలన పెట్టి పత్రికలన్నీ ఆపేశాక, పిల్లల వారపత్రిక మళ్ళీ మొదలవడానికి కూడా ఇన్నాళ్ళు పట్టింది. చివరి పేజీ ఎప్పటిలాగే మా తమ్ముడిది. ప్రొఫెసర్ మ్రూక్ అనే, కళ్ళ చుట్టూ నల్ల చారలున్న ముసలి బ్యాడ్జర్, అతని అడవి బడి, తొమ్మిది మంది పిల్లలు. పదిహేనేళ్ళుగా వారం వారం ఇదే.

సెవెరిన్ బొమ్మ గీస్తాడు. మాటల బుడగల్లో అక్షరాలు నేను రాస్తాను. పేరు అతనిదే ఉంటుంది. అలాగే ఉండాలి.

ఎరుపు మళ్ళీ ఇటుకపొడిలా అచ్చయిందని ప్రెస్ వాళ్ళని తిట్టాడు. తిడుతున్నాడంటే బాగున్నాడన్నమాట. నేను నా అక్షరాలు చూసుకోను. అద్దం కూడా తక్కువే చూస్తాను.

మే నెలలో ఈ కథలన్నీ కలిపి ఆల్బమ్ వస్తుంది. అచ్చు అయిపోయింది, బైండింగ్ మిగిలింది. యాభై ఒకటో ఏట మొదటి పుస్తకం. అట్ట ప్రూఫ్ తన మంచం పక్క గోడకి గుచ్చుకున్నాడు. వారపత్రికలో హెర్రింగ్ చేపలు చుట్టుకుపోతారక్కా, పుస్తకంలో ఎవడూ చుట్టడు అంటాడు.

మార్చి 6, శనివారం

రొట్టెల క్యూలో నా ముందు ఒకాయన, భార్యకి పత్రిక చివరి పేజీ చూపిస్తున్నాడు. చూశావటే, పిల్లల పుస్తకంలో ఎంత మాట అనేశాడో, ఈ మనిషికి గుండె ఉంది అన్నాడు. నన్ను గుర్తుపట్టిన ఇంకొకావిడ వచ్చి చేయి పట్టుకుంది. మీ తమ్ముడికి మా ఇంటిల్లిపాదీ దణ్ణం పెట్టామని చెప్పమ్మా అంది. ఇంకొకాయన తన ముందుకి నన్ను రమ్మన్నాడు. మూడు నెలలుగా క్యూలో ఎవరూ ఎవరినీ ముందుకి రమ్మనలేదు. నాకు భయం వేసింది.

ఇంటికొచ్చి చూశాను.

కథ మామూలుదే. ముళ్ళపంది పిల్ల కోలెట్స్ సిరాబుడ్డిలో కప్పను వేస్తాడు. ఎవరు చేశారో ఒక్కరూ చెప్పరు. ప్రొఫెసర్ వేలు చూపించి, అందరూ మూలకి నడవండి అంటాడు. గదికి మూలలు నాలుగే, పిల్లలు తొమ్మిది మంది. అదీ జోకు.

మూలని కోంత్ అంటాం. అందులో ఒక అక్షరం కింద చిన్న తోక ఉండాలి. తోక లేకపోతే అది కత్. అంటే తలారి.

తోక లేదు.

తలారి దగ్గరికి నడవండి, అని ప్రొఫెసర్ మ్రూక్ తొమ్మిది మంది పిల్లలతో అంటున్నాడు. డిసెంబర్లో గని దగ్గర సమ్మె చేస్తున్న కార్మికుల్లో కాల్చి చంపింది కూడా తొమ్మిది మందిని. మా బడిలో పదిహేనేళ్ళుగా తొమ్మిది మందే ఉన్నారు. అది ఇప్పుడెవరు వింటారు.

అదే రోజు, సాయంత్రం

ఎలా జరిగిందో గుర్తొచ్చింది. జనవరి పదకొండు. నేను ముందు అక్షరాల ఒళ్ళు రాస్తాను. తోకలు, చుక్కలు, గీతలు చివర్న, ఒక్కో బుడగకీ ఒక్కో మంగళవార్త జపం చెప్పుకుంటూ పెట్టుకుపోతాను. నలభై ఏళ్ళ అలవాటు. ఆ రోజు తోకలు పెడుతుంటే నెల్లాళ్ళుగా చచ్చిపడున్న ఫోన్ మోగింది. లేచి పరిగెత్తాను. మీ సంభాషణ వింటున్నాము అని యంత్రం గొంతు. తర్వాత ఒక ఆవిడ, నా కోటు ఉతికి పెట్టారా అని అడిగింది. రాంగ్ నంబర్. వచ్చి కూర్చుని తర్వాతి బుడగ నుంచి మొదలుపెట్టాను.

సెవెరిన్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. డిసెంబర్ తర్వాత ఈ ఇంట్లో అదే మొదటి నవ్వు. పాతికేళ్ళుగా గీస్తున్నానక్కా, జనం నిజంగా చదివింది ఇదొక్కటే, అదీ నీ చేతిది అన్నాడు.

మార్చి 7, ఆదివారం

పూజ నుంచి వచ్చి మా కాపీలో ఆ తోక పెట్టాను. మిగిలినవి రెండు లక్షలు.

మార్చి 12, శుక్రవారం

టెలిగ్రామ్ వస్తే సెవెరిన్ నిన్న వార్సా వెళ్ళి వచ్చాడు. ఎడిటర్ కోర్నెలియా గారు తలుపు వేసుకుని ఏడ్చిందట. నేను చదివాను, ప్రూఫ్ రీడర్ చదివాడు, సెన్సార్ వాడు చదివి ముద్ర వేశాడు, ముగ్గురం చిన్నప్పుడు మూలలో నిలబడ్డవాళ్ళమే, ముగ్గురికీ లేని తోక కనబడింది సెవెరిన్ గారూ అందట. కనిపెట్టింది మాత్రం అక్షరాలు కూడబలుక్కుని చదివే ఒకటో తరగతి పిల్లలు.

నేను రాశానని చెప్పావా అని అడిగాను. సూప్ చల్లారిపోతోందక్కా అన్నాడు.

మార్చి 16, మంగళవారం

ఉదయం ఎనిమిదికి సెవెరిన్‌ని భద్రతా పోలీసులు పిలిచారు. రెండున్నరకి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

అడిగినవి చెప్పాడు. పిల్లలు తొమ్మిది మందే ఎందుకు? పేజీలో అంతమందే పడతారు కాబట్టి. ప్రొఫెసర్ కళ్ళ చుట్టూ నలుపు ఎందుకు, దేశాన్నేలే జనరల్ గారి నల్ల కళ్ళద్దాలా అవి? బ్యాడ్జర్‌ని పుట్టించినవాణ్ణి అడగండి. ఆ బల్లెదుట కూర్చున్న ఆఫీసర్ నవ్వాడట. మా అబ్బాయి మీ కోలెట్స్ బొమ్మ దిండు కింద పెట్టుకుని పడుకుంటాడండీ అన్నాడట. తర్వాత కాగితం ఇచ్చి, పొరపాటా కావాలనా, మీ చేత్తో రాయండి అన్నాడట.

ఏం రాశావు అన్నాను.

కావాలనే అని రాశాను అన్నాడు.

మార్చి 17, బుధవారం

నేను వెళ్ళి నిజం చెబుతానన్నాను. వద్దన్నాడు. రోజూ గుడికి వెళ్ళే ముసలిదానివి, వెంటనే ఫాదర్ రాయించాడంటారు, గుడిని లాగుతారు అన్నాడు. అది నిజమే.

ఇంకొకటి అతను అనలేదు. నేనూ అనలేదు. సెవెరిన్‌కి స్పెల్లింగ్ రాదు. యుద్ధంలో బడులు మూసేశారు. అమ్మ పోయింది. నాకు పద్నాలుగు, వాడికి ఎనిమిది, మా చెల్లెలు మెలానియాకి పది. సన్యాసినుల దగ్గర నేర్చుకున్న రాత నాకుంది. జర్మన్ వాళ్ళ ఫారాల వెనకవైపు వాడు బొగ్గుతో నక్కల్ని గీస్తే, నక్క ఏమందో నేను రాసేదాన్ని. వాడు నేర్చుకోలేదు. నేను నేర్పి ఉండాల్సింది. రాసి పెట్టడమే సులువైపోయింది నాకు. అక్షరం రాని బొమ్మలాయన అని ఎవరికీ తెలియకుండా నలభై మూడేళ్ళు గడిపాం.

నన్ను కాపాడటానికి రాశాడా, ఆ మాట తనదైతే బాగుండునని రాశాడా? అడగలేదు.

మార్చి 25, గురువారం. మంగళవార్త పండుగ

కోర్నెలియా గారి ఉత్తరం. కవరు విప్పి మళ్ళీ అంటించి ఉంది. వాళ్ళు దాచడం కూడా మానేశారు.

ప్రొఫెసర్ మ్రూక్ ఆగిపోయింది. ఇకపై సెవెరిన్ పేరు ఎక్కడా అచ్చవదు. జైలేమీ ఉండదట, ముళ్ళపంది కోసం ఎవర్నీ అమరవీరుణ్ణి చేయం అని పైవాళ్ళు అన్నారట. ఆల్బమ్ మాత్రం ఏప్రిల్ 30న గుజ్జు మిల్లుకి పోతుంది. గిడ్డంగిలో ఉన్న ఒరిజినల్ పేజీలు కూడా. మొత్తం ఏడు వందల పైచిలుకు.

చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోనీ, కాల్చేసిన పుస్తకానికే పేరెక్కువ అన్నాడు.

కాల్చరు. నానబెట్టి రుబ్బుతారు. దాంతో గుడ్లు పెట్టే అట్టలు చేస్తారు.

మార్చి 28, ఆదివారం

కుర్ర పెయింటర్లు ఇద్దరు వచ్చారు. బోగుమీల్ అని గడ్డం అతను, ఇంకొకతను. మాస్టారూ అంటున్నారు. ఆ ఒక్క బొమ్మని లినోలియం మీద చెక్కి, ముద్రలు తీసి, ఊరంతా అంటించారట. రైల్వే వర్క్‌షాపులో ఒకటుందట. ఇన్నేళ్ళూ కుందేళ్ళ ముసుగులో దాక్కున్నారు మాస్టారూ, ఎంత ఓపిక అన్నాడు బోగుమీల్.

ముళ్ళపంది అని సరిదిద్దాను. వాళ్ళు వినలేదు.

సెవెరిన్ తల వంచుకుని కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు ఎవరైనా మెచ్చుకున్నా ముందు చెవులే. పెద్దవాళ్ళ కోసం ఏదైనా గీయండి మాస్టారూ, మేం అచ్చు వేస్తాం అన్నారు. సరేనన్నాడు.

ఏప్రిల్ 1

గీయలేదు.

ఏప్రిల్ 2, శుక్రవారం

పాపసంకీర్తనం చేశాను. ఒక అక్షరానికి తోక పెట్టలేదు ఫాదర్ అన్నాను. జాలీ అవతల ఫాదర్ విట్ నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన దగ్గు ఆపుకుంటున్నాడనుకున్నాను. నవ్వు.

కావాలని చేయనిది పాపం కాదమ్మా అన్నాడు. ఊళ్ళో సగం మంది దాన్ని అద్భుతం అంటున్నారు, ఈ తపస్సుకాలంలో జనానికి దొరికిందదొక్కటే, నువ్వు దాన్ని లాక్కోకు అన్నాడు. ఇంటికెళ్ళి ప్రార్థన చేసుకోమన్నాడు.

చేశాను. తోకలు పెడుతూ జపించే అలవాటు కదా. చేతులు ఖాళీగా ఉంటే జపం నిలబడటం లేదు.

ఏప్రిల్ 8, గురువారం

వాడు పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటాడు. బ్రష్ కడుగుతాడు. మధ్యాహ్నం లేస్తాడు. బ్రష్ మళ్ళీ కడుగుతాడు. పెద్దవాళ్ళ బొమ్మకోసం సైనికుల్ని గీశాడు. ప్రతి సైనికుడికీ మూతి ముందుకి పొడుచుకొస్తోంది. చించేశాడు. పదకొండు రోజుల్లో ఎనిమిది అట్టలు చించాడు. మంచి అట్ట ఇక దొరకదు.

అన్నం సగమే తింటున్నాడు. ప్రభువా, నా చేయి చేసినదానికి వాడి చేయి ఎందుకు ఎండిపోవాలి?

ఏప్రిల్ 10, పవిత్ర శనివారం

పండుగ గుడ్ల బుట్టకి గుడిలో ఆశీర్వాదం చేయించుకుని మెలానియా మా ఇంటికే వచ్చింది. మా చెల్లెలు బడి వంటశాలలో పని చేస్తుంది. కోటు విప్పకముందే మొదలుపెట్టింది. ఈ ఇంట్లో ఒక వీరుడు, ఒక సాధ్వి, బంగాళాదుంపల తొక్క తీసేదాన్ని నేనొక్కదాన్నే అంది. మా వంటశాలలో అందరూ నీ గురించే రా తమ్ముడూ, నిన్న హెడ్మిస్ట్రెస్ నాకు రెండు ఉల్లిపాయలు ఎక్కువిచ్చింది, ఇంకో నాలుగు అక్షరాలకి తోకలు కత్తిరించరాదూ, మాంసం ఇస్తుందేమో అంది. సెవెరిన్ కూడా నవ్వాడు.

గిన్నెలు కడిగేటప్పుడు ఆమెకి నిజం చెప్పాను. గిన్నె తుడుస్తూనే ఉంది. నాకు తెలుసక్కా, నీ రాత నాకు తెలియదా అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, నువ్వు ఒప్పుకుంటే పుస్తకం దక్కుతుందేమో గానీ వాడు దక్కడు అంది. నోర్మూసుకో అక్కా, నీకు అది బాగా వచ్చు కదా అని కూడా అంది.

ఏప్రిల్ 19, సోమవారం. ఉదయం 5.30

పాలకి వెళ్ళబోతూ తలుపు సందులోంచి చూశాను. సెవెరిన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. గోడ మీది అట్ట ప్రూఫ్ పీకి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోలెట్స్ ముళ్ళని వేలితో ఒక్కొక్కటే తడుముతున్నాడు. లెక్కపెడుతున్నట్టు. నన్ను చూడలేదు.

పోనీ అన్నవాడు అలా తడమడు.

ఇంకా పదకొండు రోజులు.

ఏప్రిల్ 20, మంగళవారం

వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. పాళీ, సిరాబుడ్డి సంచిలో పెట్టుకున్నాను. గేటు దగ్గర సైనికుడు బుడ్డి మూత తీసి వాసన చూశాడు.

ఆఫీసర్ నలభై లోపు మనిషి. టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఫోన్, కోటు, బుడగ. గుడి గురించి అడుగుతాడని కాచుకున్నాను. అడగలేదు. కాగితం ఇచ్చి, అదే మాట రాయండి అన్నాడు. రాశాను. ఒళ్ళు ముందు, తోక చివర. పత్రిక పక్కన పెట్టి పోల్చి చూశాడు. పెద్దగా ఊపిరి వదిలాడు.

అప్పుడు సొరుగులోంచి మా తమ్ముడు రాసిన కాగితం తీశాడు. అపోలోనియా గారూ, మూడు వాక్యాల్లో పద్నాలుగు తప్పులున్నాయి, కావాలనే అన్న మాటలోనే రెండు, నేను మొదటి రోజునుంచీ ఈ చేయి ఆ చేయి కాదనుకుంటూనే ఉన్నాను అన్నాడు. వెక్కిరించలేదు. అదే నాకు కష్టమైంది. పొరపాటైతే అందరికీ మంచిదండీ అన్నాడు, ముద్ర వేసిన మా సెన్సార్ వాడికీ ముగ్గురు పిల్లలు, మీరు మార్చిలోనే వచ్చి ఉండాల్సింది అని.

ఆల్బమ్ సంగతి అడిగాను. వదిలేస్తారు, పత్రికలో సవరణ వేయాలి అన్నాడు. సవరణలో ఏం రాస్తారని అడిగాను. నిజమే రాస్తాం, నిజం కోసమే కదా వచ్చారు అన్నాడు.

సంతకం పెట్టాను. మెట్లు దిగుతుంటే తెలిసింది, టీ ఒక్క గుటక కూడా తాగలేదని.

ఏప్రిల్ 21, బుధవారం

సెవెరిన్‌కి చెప్పాను. గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే విన్నాడు.

నా కాగితం చూపించారా అన్నాడు. చూపించారన్నాను. ఎన్ని అన్నాడు. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. పద్నాలుగన్నాను.

మిగిలిన గడ్డం గీసుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అక్కా, జన్మలో ఒక్క మాట నాదని చెప్పుకున్నాను, దాన్నీ దిద్దేశావు అన్నాడు.

అంతే. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

మే 13, గురువారం

సవరణ వచ్చింది. చివరి పేజీ, కింద, పెట్టెలో. ఫలానా సంచికలో అక్షర దోషం దొర్లింది, రచయితకు వర్ణక్రమంలో ఇబ్బంది ఉన్నందున అక్షరాలు ఆయన అక్కగారు రాస్తారు, చింతిస్తున్నాము.

వర్ణక్రమంలో ఇబ్బంది. రెండు లక్షల కాపీలు. ఈసారి ఒక్క తోక కూడా తప్పిపోలేదు.

మే 16, ఆదివారం

రొట్టెల క్యూలో ఆ మొదటి ఆయనే ఉన్నాడు. నన్ను చూసి, ఆ తర్వాత నా చెప్పుల్ని చూశాడు. వాళ్ళావిడ అతనికి మాత్రమే కాదు, నాకూ వినబడేలా అంది, ఎంతకి ఒప్పుకున్నారో పాపం అని. ఇంకొకావిడ, కాదే, నిజంగా పొరపాటేనట, మనమే వెర్రివాళ్ళం అంది. రెండోదే ఎక్కువ గుచ్చుకుంది.

పెయింటర్లు రావడం మానేశారు. వీధిలో బోగుమీల్ ఎదురై, నమస్కారమండీ అన్నాడు. మాస్టారు ఎలా ఉన్నారని అడగలేదు. మీ తమ్ముడు గారు అన్నాడు.

గుడిలో ఫాదర్ విట్ అప్పం నా నాలుక మీద పెడుతూ నా కళ్ళలోకి చూడలేదు.

జూన్ 1, మంగళవారం. పిల్లల పండుగ

ఆల్బమ్ షాపులోకి వచ్చింది. తెరవకముందే బయట నూటయాభై మంది. తాతల భుజాల మీద పిల్లలు. మధ్యాహ్నానికి ఒక్కటి మిగల్లేదు. ఒక పాప పేవ్‌మెంట్ మీదే కూర్చుని చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. నిలబడి చూశాను. నా అక్షరాలు ఎవరైనా చదవడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక కాపీ తెచ్చి సెవెరిన్ బల్ల మీద పెట్టాను. సాయంత్రానికి బీరువా పైన ఉంది. తెరవలేదు. పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

ఏడుపు రాలేదు. జపమూ రాలేదు.

జూన్ 9, బుధవారం

పత్రిక ఆఫీసు నుంచి ఉత్తరాల సంచి వచ్చింది. ప్రొఫెసర్‌ని మళ్ళీ మొదలుపెట్టమని కోర్నెలియా గారి చీటీ పైన ఉంది. సెవెరిన్ ముట్టుకోలేదు. నేనొక ఉత్తరం విప్పాను. రాదోమ్ నుంచి రెండో తరగతి పిల్ల రాసింది. సెవెరిన్ మామయ్యా, నాకు కూడా డిక్టేషన్‌లో ఎప్పుడూ రెండు మార్కులే వస్తాయి, టీచర్ మూలలో నిలబెడుతుంది, నేను కూడా బొమ్మలాయన అవుతాను, కానీ మాకు అక్క లేదు.

మూలకి తోక మర్చిపోయింది.

సూప్ పోస్తూ వాడికి చదివి వినిపించాను. చెంచా కింద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఉత్తరం మాత్రం పొద్దున బల్ల మీద కనబడలేదు.

జూన్ 17

గోడ అవతల పెన్సిల్ చప్పుడు. ఆగింది.

జూన్ 23, బుధవారం

మళ్ళీ వినిపించింది. రోజూ రెండు గంటలు. నాతో మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే లేచి తీసుకుంటున్నాడు. మెలానియా వచ్చి, ఈ ఇంట్లో బల్లి అరిచినా పండగే అని తిట్టి వెళ్ళింది.

నా పాళీ కడిగి, సిరా కొత్తది పోసి పెట్టాను. వాడు అడగలేదు. పెట్టాను.

జూలై 2, శుక్రవారం

పేజీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ప్రొఫెసర్ వేలెత్తి ఉన్నాడు. తొమ్మిది మంది పిల్లలూ నోళ్ళు తెరిచి ఉన్నారు. మాటల బుడగలు ఎప్పుడూ గీసే ఇస్తాడు. ఈసారి ఒక్కటీ గీయలేదు.